లెమనాతు భార్య అర్జీ

వైమోనా, సవాయి ద్వీపం
11 ఫిబ్రవరి 2013

వదినగారికి,

మరదలు కెలెర నమస్కరించి రాస్తున్నది. మీరు పంపిన డ్రమ్ము పోయిన శనివారం పడవలో వచ్చింది. దుప్పట్లు, సబ్బులు, టిన్ను మాంసం అన్నీ భద్రంగా ఉన్నాయి. లూసెకి పంపిన బూట్లు మాత్రం పట్టలేదు. దానికి ఐదేళ్ళే గానీ కాళ్ళు మాత్రం మీ తమ్ముడి కాళ్ళు.

ఫోను చెయ్యకుండా ఉత్తరం ఎందుకంటారా. ఈ ఇంట్లో ఫోను మోగితే తొమ్మిదిమంది చుట్టూ చేరతారు. నేనొక ముక్క అంటే అది మీకు చేరేలోపల రొట్టెల కొట్టుకి చేరుతుంది. పాస్టరుగారి భార్య ఆక్లండ్ వస్తోందంటే ఆవిడ చేతికి ఇస్తున్నాను.

విషయం ఇది. నేను ఇక్కడి పౌరసత్వానికి అర్జీ పెట్టాను. ఫిజీలో లెవుకా నుంచి పెళ్ళికూతురిగా వచ్చి ఈ జూన్‌కి ఏడేళ్ళు నిండుతాయి. ఏటా అక్టోబరులో పడవ దాటి రాజధాని ఆపియా వెళ్ళి, ఒక కిటికీ ముందు నిలబడి, ఇంకో ఏడాది ఉండనివ్వండి బాబూ అని ముద్ర వేయించుకుంటున్నాను. ఇకమీదట ఆ ముద్ర వెయ్యం అనేశారు. అక్టోబరు ముప్పై ఒకటిలోపు పౌరసత్వం రావాలి. రాకపోతే ఫిజీ వెళ్ళిపోయి అక్కణ్ణుంచి మళ్ళీ మొదటి అర్జీ పెట్టుకోవాలి. అప్పుడు ఈ ఏడేళ్ళూ లెక్కలోకి రావట. మళ్ళీ ఒకటో ఏడు నుంచి మొదలు. బడిలో మూడో తరగతి నా చేతిలో ఉంది, అదీ పోతుంది. పిల్లలిద్దరూ తండ్రి వైపునుంచి ఇక్కడివాళ్ళే. ఇంట్లో పరాయిదాన్ని నేనొక్కదాన్నే.

మామూలుగా ఇది రెండు నెలల పనేనట. చిక్కు ఎక్కడొచ్చిందంటే, మీ తమ్ముడు రెండు దేశాల మనిషి. ఇక్కడ పుట్టి, మీ దగ్గర పెరిగి, అక్కడి పౌరసత్వం తీసుకుని, ఆ తర్వాత ఇక్కడిది కూడా తిరిగి తెచ్చుకున్నారు. భార్య సంగతి తర్వాత, ముందు భర్త ఇక్కడివాడేనని రుజువు చెయ్యమంటోంది ఆఫీసులో గుమస్తా. ఆవిడ పేరు ఎపెనేసా. చేతిలో విసనకర్ర ఆగదు, ముఖంలో ఏ భావమూ కదలదు. ఆయన పుట్టిన కాగితమూ, ఇక్కడి పౌరసత్వం తిరిగి వచ్చినప్పటి కాగితమూ కావాలంది. రెండూ అత్తయ్యగారి గోధుమరంగు పెట్టెలో ఉన్నాయనీ, ఆ పెట్టె మీ మంచం కింద ఉందనీ ఆయన అంటున్నారు. ఎవరైనా ఇటు వస్తుంటే దయచేసి పంపండి.

ఇంకేం చెయ్యాలని ఆయన్ని అడిగితే, అక్క చూసుకుంటుంది అని చెప్పి చామతోటలోకి వెళ్ళిపోయారు.

మీ మరదలు,
కెలెర


ఒటారా, ఆక్లండ్
3 మార్చి 2013

అమ్మాయ్ కెలెరా,

నీ ఉత్తరం అందింది. పాస్టరు భార్య దాన్ని నా చేతికిచ్చి, నేను విప్పుతానేమోనని రెండు కప్పుల కోకో తాగేదాకా కూర్చుంది. నేను విప్పలేదు. ఆవిడ వెళ్ళాకే చదివాను.

ఎందుకమ్మా అంత కంగారు. గవర్నమెంటు అన్నాక ఇలాగే ఉంటుంది. పెట్టె మంచం కింద ఉన్నమాట నిజమే గానీ తాళంచెవి కనిపించడం లేదు. బయట అలమరలో కొన్ని దొరికితే పంపుతున్నాను. వాడి బాప్తిస్మపు కాగితం ఉంది, టీకాల కార్డు ఉంది, పదేళ్ళప్పుడు రగ్బీ జట్టుతో తీయించుకున్న ఫోటో ఉంది. ఎడమనుంచి మూడోవాడు, ముక్కు కారుతున్నవాడే నీ మొగుడు. ముందు ఇవి చూపించు. ఒక్కోసారి వీటితోనే పనైపోతుంది.

కోళ్ళ ఫ్యాక్టరీలో నాకిప్పుడు పొద్దుటి షిఫ్టు. చల్లటి నీళ్ళలో నాని నాని వేళ్ళు సరిగ్గా ముడుచుకోవడం లేదు. చర్చి పైకప్పు కోసం పోయిన నెల పంపిన డబ్బు అందిందో లేదో ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. అడుగుతున్నానని కాదు.

ఒక మాట చెప్పు. ఊరిపెద్దల సభలో వాడు ఏ స్తంభానికి ఆనుకుని కూర్చుంటున్నాడు? మా మామయ్య కూర్చునేదానికేనా? ఊరికే అడుగుతున్నాను.

మీ వదిన,
మతలేన


వైమోనా
22 ఏప్రిల్ 2013

వదినగారికి,

టీకాల కార్డు చూసి ఎపెనేసా మొదటిసారి నవ్వింది. ఆ నవ్వు వల్ల నా అర్జీకి ఒరిగిందేమీ లేదు.

ఇప్పుడు అసలు కబురు వినండి. మీ తమ్ముడు చనిపోయారు. కంగారుపడకండి, నిన్న మధ్యాహ్నమే మూడు సీమపనసలు కాల్చుకు తిన్నారు. ఆఫీసు లెక్కలో చనిపోయారు.

ఎలాగంటే, నేను ఇక్కడ కాపురం చేస్తున్నట్టు గ్రామాధికారి ఉత్తరం కావాలన్నారు. ఆయన పాపం వెంటనే రాసిచ్చాడు. లెమనాతుగారూ, ఆయన భార్య కెలెరా ఏడేళ్ళుగా మా ఊళ్ళో ఉంటున్నారని. కుటుంబం ఆయన్ని పెద్దగా ఎంచి లెమనాతు అన్న పట్టం కట్టి మూడేళ్ళవుతోంది, అప్పట్నుంచి ఊళ్ళో ఎవరి నోటా పెతెలో అన్నమాట రాదు. పట్టం కట్టాక పాత పేరు పిలిస్తే తిట్టినట్టేనని నాకంటే మీకే బాగా తెలుసు. కానీ పెళ్ళి కాగితంలో నా మొగుడి పేరు పెతెలో తవిటా. ఎపెనేసా లోపలికి వెళ్ళి పుస్తకాలు తిరగేసి వచ్చింది. వైమోనా లెమనాతు రెండువేల తొమ్మిదిలోనే పోయినట్టు రాసి ఉందంది. అది మీ మేనమామగారు. ఆయనా లెమనాతే, ఆయనకు ముందు మీ తాతగారూ లెమనాతే. పేరు ఉంటుంది, మనుషులు మారతారు అని నేను అరగంట చెప్పాను.

"అయితే అమ్మా, మీరు వితంతువా, లేకపోతే మీకు ఇద్దరు భర్తలా? ఏదో ఒకటి రాయాలి నేను," అంది.

మరుసటి పడవకి మీ తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాను. కొత్త లుంగీ కట్టుకుని, చొక్కాకి ఇస్త్రీ చేయించుకుని, కొండలా ఆవిడ ముందు కూర్చున్నారు. నేనే లెమనాతుని అన్నారు. అందరూ అలాగే అంటారు సార్, పట్టాల తగవులు చూసే కోర్టులో మీ పట్టం నమోదైన కాగితం తెండి, పెతెలోనే లెమనాతు అని అందులో ఉంటుంది, అదొక్కటి చాలు అంది. తిరిగి వస్తుంటే పడవలో అడిగాను, నమోదు చేయించారా అని. సముద్రం వైపు చూసి, అవుతుందిలే అన్నారు. మూడేళ్ళయింది వదినగారూ. ఇంకెప్పుడవుతుంది?

పట్టం కట్టిన రోజు మీరు వచ్చారు. కానుకల్లో అందరికంటే పెద్ద చాప మీరే పెట్టారు, ఆయన చేతికి కావా పానీయం గిన్నె అందినప్పుడు అందరికంటే ఎక్కువ ఏడ్చింది మీరే. ఆ నమోదు సంగతి మీకేమైనా తెలుసా? పెట్టె తాళం దొరకకపోతే పగలగొట్టండి. ఈ ఆపియాకి తిరిగి తిరిగి నా చెప్పులరిగాయి.

స్తంభం గురించి అడిగారు. మీ మామయ్యగారిదే, పట్టంతో పాటు వచ్చే చోటే కదా. ఎందుకు?

మీ మరదలు,
కెలెర


ఒటారా
20 మే 2013

కెలెరా,

వెన్నకత్తితో తాళం తీశాను. వాడు పుట్టిన కాగితం, పౌరసత్వం కాగితం రెండూ ఇందులో పెట్టాను. మన చర్చి వాళ్ళబ్బాయి పెళ్ళికి వస్తున్నాడు, అతని చేతికి ఇస్తున్నాను. తడవకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టాను.

కోర్టు జోలికి మాత్రం పోకు. అక్కడికి వెళ్ళిన కాగితం ముసలిదై గానీ బయటికి రాదు. నా మాట విని, అర్జీ అంతా వాడి పాత పేరుతోనే నడిపించు. పెతెలో తవిటా, ఆయన భార్య అని గ్రామాధికారి చేత ఇంకో ఉత్తరం రాయించుకో. ఒక్క ఉత్తరంలో ఒక్క పేరు మారితే ఆకాశం ఊడిపడదు. పని అయ్యాక మళ్ళీ లెమనాతు అనుకోండి.

అక్టోబరులో పిల్లల ఆదివారానికి ఇద్దరికీ తెల్ల గౌన్లు కుడుతున్నాను. లూసె కొలతలు పంపు. కాళ్ళవి కాదు, భుజాలవి.

స్తంభం సంగతి ఎందుకని అడిగావు. ఊరికే అడిగానని అప్పుడే చెప్పాను కదా.

మతలేన


వైమోనా
1 జూలై 2013

మతలేన గారికి,

మీ సలహా పాటించాను. పాత పేరుతో ఇంకో ఉత్తరం ఇవ్వమని గ్రామాధికారిని అడిగాను. ఆయన ఆ మాట తీసుకెళ్ళి సభలో చెప్పాడు. పట్టం కట్టుకున్న మనిషిని కట్టుకున్న భార్యే కిందికి లాగుతోంది, ఫిజీదానికి మర్యాద ఏం తెలుస్తుంది అనుకున్నారట. మీ తమ్ముడికి పెద్ద పందిని జరిమానా వేశారు. అది లూసె తనే పేరు పెట్టి పెంచుకున్న పంది. పిల్ల రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆయనే దానికి తాడు కట్టి తీసుకెళ్ళి ఇచ్చి వచ్చారు, నన్ను తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

ఆ తర్వాత ఎవరికీ చెప్పకుండా కోర్టుకి వెళ్ళాను. అక్కడ పుస్తకాలు చూసే ముసలాయన మర్యాదస్తుడు. కుర్చీ వేసి, ఫైలు తెప్పించి, అద్దాలు తుడుచుకుని చదివి చెప్పాడు. పట్టం నమోదు కాలేదు. కట్టిన మూడు నెలలకే దానిమీద అభ్యంతరం దాఖలైంది. అది తేలేదాకా మీ తమ్ముడు కోర్టు లెక్కలో లెమనాతు కారు.

ఊరు ఆయన్ని పెతెలో అనదు. కోర్టు ఆయన్ని లెమనాతు అనదు. నేను ఎవరి భార్యనో రాసిచ్చేవాళ్ళు లేరు. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను.

అభ్యంతరం ఆక్లండ్ నుంచి వచ్చింది. కింద సంతకం ఉంది. ముసలాయన పేరు చదివేలోపే గుర్తుపట్టాను. ఏడేళ్ళుగా డ్రమ్ముల మీద ఆ చేతిరాతే చూస్తున్నాను.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ముందు మీరేం చెబుతారో వినాలి.

కెలెర


ఒటారా
28 జూలై 2013

కెలెరా,

అవును, నేనే.

పదిహేడేళ్ళకి ఇక్కడికి వచ్చాను. ఇరవై తొమ్మిదేళ్ళుగా కోళ్ళు కోస్తున్నాను. ఆ ఇంటి రేకులు, ఆ చర్చి గంట, మామయ్య శవపేటిక, పెతెలో చదువు, మీ పెళ్ళి విందు, అన్నీ ఈ వంకర తిరిగిన వేళ్ళలోంచి వెళ్ళినవే. పోయే ముందు మామయ్య నాతో ఫోనులో మాట్లాడాడు. "లేనా, ఈ పేరు నీది," అన్నాడు. ఆ మాట విన్నది నేనొక్కదాన్నే, ఆయన పోయాడు. ఆడవాళ్ళు పట్టం కట్టుకోవడం మనలో లేనిదేమీ కాదు, మా అమ్మమ్మ చెల్లెలు కట్టుకుంది.

తీరా కుటుంబమంతా కూర్చున్నప్పుడు ఊళ్ళో ఉండేవాడు కావాలన్నారు. సభకి నడిచి వెళ్ళేవాడు కావాలన్నారు. పెతెలోకి కడదాం, నువ్వేమంటావు లేనా అని నలుగురిలో అడిగారు. నలుగురిలో అడిగితే ఏమంటాను? సరే అన్నాను. నేను సంతోషం పట్టలేక ఏడ్చానని నువ్వు అనుకున్నావు.

తిరిగొచ్చి సోమవారం పనికి వెళ్తే, నా సగం వయసున్న సూపర్వైజరు, లేనా, మూడో లైనుకి పో అన్నాడు. రోజూ అనే మాటే. ఆ రోజు మాత్రం తట్టుకోలేకపోయాను. ఆ వారమే కాగితం రాసి కోర్టుకి పంపాను. వాడికి చెప్పలేదు. నువ్వు అప్పుడు నా ఆలోచనలోనే లేవు.

నా కాగితం నీ దారికి అడ్డం పడుతుందని నాకేం తెలుసు. తెలిశాక కూడా తియ్యలేదు, అదీ నిజమే. పాత పేరుతో నడిపించమని చెప్పింది అందుకే. తిట్టుకుంటే తిట్టుకో. నువ్వు అడుగుతున్నది ఏడేళ్ళుగా ఉన్న ఇల్లు. నేను అడుగుతున్నది పుట్టిన చోటు. అభ్యంతరం వెనక్కి తీసుకోను.

మతలేన


వైమోనా
19 ఆగస్టు 2013

వదినా,

గారు తీసేశాను. కోపంలో రాస్తున్నాను, మర్యాదలు గుర్తుండవు.

మీ తమ్ముడికి చెప్పాను. ఆయన కొబ్బరి కోరుతున్నారు. నేను చెప్పిందంతా విని, చెయ్యి ఆపకుండా, తెలుసు అన్నారు. మూడేళ్ళుగా తెలుసట. జవాబివ్వమని కోర్టు ఆయనకు నోటీసు పంపితే, దాన్ని చామతోట గుడిసె చూరులో దోపారు. నేను వెళ్ళి తీసి చూశాను, సగం చెదలు తిన్నాయి.

మరి జవాబెందుకు ఇవ్వలేదని అడిగాను. ఆయన కొబ్బరి పక్కన పెట్టి చెప్పిన మాట ఇది. "అక్క మీద తమ్ముడు కోర్టులో నిలబడడు. మా ఇళ్ళలో అది లేదు. అక్క అడిగింది కాదనలేను, కుటుంబం కట్టింది విప్పలేను. అందుకని ఊరుకున్నాను."

పోనీ నాకెందుకు చెప్పలేదంటే, చెబితే అక్క పేరు నీ దగ్గర పలచనవుతుంది అన్నారు. నేను ఫిజీ వెళ్ళిపోయినా ఫరవాలేదు గానీ, నా ముందు మీ పేరు పలచనకాకూడదు.

మీరు ఆయనకు చెప్పలేదు, ఆయన మీకు చెప్పలేదు. అక్కాతమ్ముళ్ళు ఒకరి మర్యాద ఒకరు చక్కగా కాపాడుకున్నారు. ఆ మర్యాదల మధ్య నలిగింది నా అర్జీ. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకుందామంటే, అక్టోబరులో ఇల్లు వదిలి వెళ్ళవలసింది కంద కాదు, కత్తిపీటే.

మీకు పట్టం రాకూడదని నేను అనను. కట్టడం నా చేతిలో ఉంటే మీకే కట్టేదాన్ని. కానీ మీరు అనుకుంటున్నట్టు అది స్తంభానికి ఆనుకుని కూర్చోవడం ఒక్కటే కాదు. మన వలలో పడ్డ మొదటి చేప ఎవరింటికో వెళుతుంది. పక్కింటివాళ్ళ కోడి పోయినా తెల్లారకముందే వచ్చి మెట్ల మీద కూర్చుంటారు. వానొస్తే సరిగ్గా ఆ స్తంభం దగ్గరే జల్లు కొడుతుంది, రెండుసార్లు ఆయనకి జ్వరం వచ్చింది. అయినా కావాలంటే పోరాడండి, అది మీ హక్కు. నా బాధల్లా మీరు పోరాడకపోవడమే.

మళ్ళీ కోర్టుకి వెళ్ళాను. ముసలాయన ఇంకో సంగతి చెప్పాడు. ఈ మూడేళ్ళలో మిమ్మల్ని ఒక కాగితం పంపమని రెండుసార్లు ఉత్తరం రాశారట. అది వస్తే గానీ కేసు అంగుళం కదలదు. మీరు జవాబే ఇవ్వలేదు. ఏ కాగితమో నాకు చెప్పడానికి ఆయనకు అధికారం లేదన్నాడు. మీరు ముందుకి నడవరు, నాకు దారీ ఇవ్వరు. పెట్టెలో ఉంటే తీసి పంపండి, లేకపోతే ఎక్కడుందో చెప్పండి, నేనే వెళ్ళి తెస్తాను. ఏ ఆఫీసుకి ఏ మెట్ల దారిలో వెళ్ళాలో ఆపియాలో నాకంటే తెలిసినవాళ్ళు లేరిప్పుడు.

అయ్య వచ్చేదాకా అమావాస్య ఆగదు వదినా. ఇంకా పది వారాలుంది. ఆ కాగితం ఏమిటి?

కెలెర


ఒటారా
9 సెప్టెంబరు 2013

కెలెరా,

ఏ కాగితమని అడిగావు. పౌరసత్వం కాగితం. నాకు లేదు.

తొంభై ఒకటిలో ఇక్కడ ప్రమాణం చేశాను, ఉద్యోగం నిలబడుతుందని. ఆ రోజుల్లో ఇక్కడిది తీసుకుంటే అక్కడిది జారిపోయేది. తర్వాత రెండూ ఉంచుకోవచ్చు, అర్జీ పెట్టుకోండి అన్నారు. రెండు ఫారాలు తెచ్చాను, వాడిదొకటి, నాదొకటి. వాడిది నేనే నింపి పంపాను, వెంటనే వచ్చింది. నాది నింపుదామని కూర్చుంటే మొదటి గడిలోనే ఆగిపోయాను. మీరు ఏ కారణం వల్ల పౌరసత్వం కోరుతున్నారు అని ఉంది. వైమోనాలో మా అమ్మ బొడ్డు కోసి పాతిపెట్టిన చోటు నాకు తెలుసు. కారణం ఏమని రాయను? నా ఊరు నాకు ఇమ్మని అర్జీ పెట్టుకోవాలా? ఫారం మడిచి పెట్టెలో పడేసి తాళం వేశాను. నువ్వు కాగితాలు అడిగినప్పుడు తాళంచెవి కనిపించకపోవడానికి కారణం అదే.

పట్టం కట్టిన వారం వచ్చినప్పుడు విమానాశ్రయంలో ఒక పిల్ల నా పాస్‌పోర్టు మీద చుట్టం ముద్ర వేసింది. "ఎన్నాళ్ళుంటారు ఆంటీ? మా దేశం చూడటం మొదటిసారా?" అంది. మర్యాదగానే అడిగింది. నేను నవ్వి, అరవై రోజులు అన్నాను. ఎవరికీ చెప్పలేదు.

ఇక్కడిదాన్ని కాదని తేలితే అభ్యంతరం పెట్టడానికి నేనెవర్ని? అందుకే కోర్టుకి జవాబు రాయలేదు. వెనక్కి తీసుకుంటే ఎందుకు తీశావని అడుగుతారు, అందుకని అదీ చెయ్యలేదు. నువ్వు ఆ కిటికీ ముందు ఏడేళ్ళు నిలబడ్డావు. నేను ఒక్క గడి నింపలేకపోయాను. పోయిన ఉత్తరంలో పుట్టిన చోటు అని గొప్పగా రాశాను నీకు. సిగ్గుగా ఉంది.

అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నట్టు రాసి, సంతకం చేసి, ముద్ర వేయించి ఇందులో పెట్టాను. ఎవరి చేతికీ ఇవ్వకుండా పోస్టులో పంపుతున్నాను, మనిషి ఆలస్యమైతే నా మనసు మారుతుంది. దీన్ని వెంటనే తీసుకెళ్ళు. ఇందులో ఉన్నది పెతెలోకి చెప్పకు. కాదులే, చెప్పు. దాచింది చాలు.

గౌన్లు వేరేగా వస్తాయి. కుట్టడం అయింది.

మతలేన


వైమోనా
4 నవంబరు 2013

వదినా,

ఇప్పుడు కూడా గారు పెట్టలేదు. ఈసారి కోపం వల్ల కాదు.

మీ కాగితం సెప్టెంబరు ఇరవై ఏడున చేరింది. ముప్పైన కోర్టులో ఇచ్చాను. పట్టం అక్టోబరు ఇరవై ఒకటిన నమోదైంది. ఇరవై రెండున ఎపెనేసా ఆ నమోదు కాగితాన్ని పది నిమిషాలు చదివి, నా ఫోటోలు పాతవైపోయాయి, నవ్వకుండా కొత్తవి తీయించుకు రమ్మంది. నవ్వకుండా ఉండటం నాకేం కష్టం కాలేదు. ఇరవై తొమ్మిదిన ప్రమాణం చేశాను. ముద్రకి ఇంకా రెండు రోజుల గడువుంది. గదిలో ఎనిమిదిమందిమి, ఫ్యాను తిరగడం లేదు. పిల్లలు మీరు కుట్టిన తెల్ల గౌన్లతో ముందు వరసలో కూర్చున్నారు. లూసెకి భుజాల దగ్గర సరిగ్గా పట్టింది. లెమనాతు భార్య కెలెర అని పిలిచారు. ఏడుపొస్తుందేమో అనుకున్నాను గానీ విపరీతంగా ఆకలేసింది.

ఆయనకి మీ ఉత్తరం చదివి వినిపించాను. చుట్టం ముద్ర దగ్గరికొచ్చేసరికి లేచి వెళ్ళిపోయారు. సాయంత్రం దాకా రాలేదు. వచ్చాక, అక్క రావాలి, ఒక పేరుని ఇద్దరు మోస్తున్న ఇళ్ళు మన ఊళ్ళోనే ఉన్నాయి అన్నారు. మీ పెద్ద పిన్నిగారు కూడా అదే అంటోంది. పట్టం సంగతి మీరూ మీ తమ్ముడూ కూర్చుని తేల్చుకోండి, ఈసారి నోరు తెరిచి. నన్ను మధ్యలోకి లాగకండి.

ప్రమాణం అయ్యాక నేను ఇంటికి రాలేదు. అదే కిటికీకి వెళ్ళి మీకోసం ఫారం అడిగాను. ఎపెనేసా నన్ను చూసి విసనకర్ర కింద పెట్టేసింది. మీరు అడగలేదని తెలుసు. అయినా నింపేశాను. ఈ పదినెలల్లో ఆ ఫారాల్లో ఏ గడి దగ్గర పట్టుకుంటారో నాకు నోటికొచ్చింది. మీరు ఆగిపోయిన మొదటి గడిలో, ఇక్కడ పుట్టాను కాబట్టి, అని రాశాను. అంతకంటే అక్కర్లేదట. మీరు చెయ్యాల్సింది ఒక సంతకం, రెండు ఫోటోలు. కోర్టులు, స్తంభాలు గుర్తు తెచ్చుకోకుండా సంతకం పెట్టండి.

చివరి పేజీ దగ్గర మాత్రం మళ్ళీ చిక్కొచ్చింది. అర్జీదారు ఈ ఊరి మనిషేనని ఒక పౌరుడు రాసివ్వాలి. రాసేవాళ్ళ కాగితాల్లో కూడా అదే ఊరు ఉండాలి, అర్జీదారు వాళ్ళకి ఐదేళ్ళకు తక్కువ కాకుండా తెలిసుండాలి, రక్తసంబంధం ఉండకూడదు. నేనూ మీ తమ్ముడూ కాగితం ముందు పెట్టుకుని ఇంటింటికీ లెక్కవేశాం. ఆయన తమ్ముడు కాబట్టి పనికిరారు. గ్రామాధికారి మీ పిన్నికొడుకు. రొట్టెల కొట్టాయన మీ తాతగారి తమ్ముడి మనవడు. సభలో ఉన్నవాళ్ళంతా ఏదో ఒక మూల మీకు అన్నలో బాబాయిలో. పాస్టరుగారు రక్తసంబంధం కాదు గానీ వచ్చి రెండేళ్ళే. ఇక కోడళ్ళున్నారు, వాళ్ళ కాగితాల్లో ఎవరి పుట్టింటి ఊరు వాళ్ళకుంది. నాకు ఈ దేశంలో వేరే పుట్టిల్లు లేదు కాబట్టి, మొన్న ఇచ్చిన కాగితంలో ఊరు అన్నచోట వైమోనా అని రాశారు.

మీ గురించి రాసివ్వగలిగినవాళ్ళు ఊరంతటికీ నేనొక్కదాన్నే తేలాను. మతలేన తవిటా మా ఊరి మనిషి, నాకు బాగా తెలుసు అని రాసి, కింద సంతకం పెట్టాను.

మీ మరదలు,
కెలెర